ఉషా నది ఒడ్డున నెస్విజ్

బెలారస్ రాజధాని మిన్స్క్‌కు నైరుతి దిక్కున, 110 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది నెస్విజ్. జనాభా 15 వేలకు అటూ ఇటూ. చుట్టూ కొండ అన్నది లేదు. చదునైన పొలాలు, ఉషా అనే చిన్న నది, అంతే. శత్రువుకు అడ్డుపడేదేమీ లేని ఆ నేలలో నదికి కట్టలు కట్టి, చెరువులు నింపి, మట్టి బురుజులు పోసి కోటను కాపాడుకున్నారు.

ఆ కోట రాడ్జివిల్ వంశానిది. అప్పట్లో ఈ ప్రాంతం ఉన్న లిథువేనియా మహా సంస్థానంలో రాజుతో సమానంగా చెలామణీ అయిన ప్రభువులు వాళ్లు. 'నల్ల' అనే మారుపేరున్న ప్రొటెస్టంట్ సంస్కరణవాది రాడ్జివిల్ అండతో 1562లో మతబోధకుడు సిమన్ బుద్నీ ఇక్కడ ప్రశ్నోత్తరాల మతగ్రంథం అచ్చువేశాడు. ఇప్పటి బెలారస్ గడ్డమీద స్థానిక స్లావిక్ భాషలో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. నల్ల రాడ్జివిల్ కొడుకు మికలాయ్ క్రిష్టఫ్ మాత్రం కాథలిక్ మతం పుచ్చుకుని, తండ్రి డబ్బుతో వెలువడిన బైబిల్ ప్రతులను వెతికి వెతికి కాల్పించాడు. అయినా ఊరికి రూపం ఇచ్చింది ఆయనే. 1586లో పట్టణానికి స్వపరిపాలన హక్కులు తెచ్చాడు. ఇటలీ వాస్తుశిల్పి బెర్నార్డోని చేత చర్చి కట్టించాడు. దాని నేలమాళిగలో ఆ వంశీకుల శవపేటికలు ఇప్పటికీ వరుసగా ఉన్నాయి. జెరూసలేం యాత్ర చేసివచ్చిన ఆయన తనను యాత్రికుడి దుస్తుల్లోనే పూడ్చమని కోరాడు.

1706లో స్వీడన్ సేనలు ఊరిని కొల్లగొట్టాయి. ఊరు మళ్లీ కోలుకుని, ఫ్రాంచిష్కా ఉర్షులా అనే రాడ్జివిల్ ఇంటి కోడలు స్వయంగా నాటకాలు రాసి ఆడించే స్థితికి వచ్చింది. 1772లో రష్యన్లు రాడ్జివిల్‌ల వేల సంపుటాల గ్రంథాలయాన్ని పీటర్స్‌బర్గ్ తరలించారు. 1793లో ఊరే రష్యాకు దక్కింది. 1921లో పోలండ్‌కు, 1939లో సోవియట్లకు చేతులు మారింది.

1941 అక్టోబరు 30న నాజీలు ఇక్కడ సుమారు 4,000 మంది యూదులను చంపేశారు. చేతిపని తెలిసిన కొన్ని వందలమందిని మాత్రం ముళ్లకంచె వెనుక ఘెట్టోలో ఉంచారు. వాళ్లు రహస్యంగా ఆయుధాలు చేర్చుకున్నారు. 1942 జులైలో తమను కూడా చంపడానికి వచ్చినప్పుడు సొంత ఇళ్లకే నిప్పుపెట్టి, గొడ్డళ్లతో, కత్తులతో, దొరికిన తుపాకులతో తిరగబడ్డారు. ఎక్కువమంది అక్కడే ఒరిగిపోయారు. తప్పించుకున్న కొద్దిమంది అడవుల్లోని గెరిల్లాలను కలిశారు. ప్రపంచం బాగా ఎరిగిన వార్సా ఘెట్టో తిరుగుబాటు దీని తర్వాతి ఏడాది జరిగింది.

2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాక సందర్శకులు కోట కోసం వస్తున్నారు. రావాలి కూడా. అయితే ఆ ఊరు చూడబోయే తెలుగువారికి నా మనవి ఒకటే: కోటకు ఒక పూట ఇస్తే, ఆ తిరగబడ్డవాళ్ల జ్ఞాపకానికీ ఒక గంట ఇవ్వండి.