33 ఫోల్డర్లకు ఒక్క లూపు

తెలంగాణలో 33 జిల్లాలు. కంప్యూటర్లో జిల్లాకో ఫోల్డరు ఉందనుకుందాం. అన్నిటిలోకీ ఒకే దరఖాస్తు నమూనా చేరాలి. మౌస్ పట్టుకుని కాపీ, పేస్టు అంటూ కూర్చుంటే ఇరవయ్యో జిల్లా దగ్గర లెక్క తప్పడం ఖాయం. లైనక్స్‌లో చేయి తిరిగినవాళ్లు మాత్రం ‘ఫర్’ అని మొదలుపెట్టి, ఫోల్డర్లన్నిటికీ గుర్తుగా ఒక స్టార్ పెట్టి, ‘డూ’, ‘డన్’ల నడుమ కాపీ చేసే ‘సీపీ’ కమాండ్‌ను ఇరికించి ఎంటర్ కొడతారు. అంతే. ఈ ఒక్క వరస తయారవడానికి మాత్రం దాదాపు పదహారేళ్లు పట్టింది.

మొదటి అడుగు 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో పడింది. ఒకే ఐబీఎం యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థకు డజన్ల కొద్దీ కమాండ్లు రాసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాన్, ఉన్న కమాండ్లను కలిపి కొత్తవి ఎందుకు చేసుకోకూడదని ఆలోచించాడు. ఫైల్లో రాసిపెట్టిన కమాండ్లను వరసగా నడిపే ‘రన్‌కామ్’ అలా పుట్టింది. నేటికీ లైనక్స్ సెట్టింగుల ఫైళ్ల పేర్ల చివర కనిపించే ‘ఆర్‌సీ’ దాని ఆనవాలే.

1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, లైనక్స్‌కు నమూనాగా నిలిచిన యూనిక్స్‌కు ఒక షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) రాశాడు. అందులో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపు లేదు. ‘గోటూ’ ఉండేది గానీ, అది బయటి ప్రోగ్రాం. స్క్రిప్టు ఫైల్లో చదవాల్సిన చోటును అది వెనక్కో ముందుకో జరిపేది. షెల్ ఏమీ ఎరగనట్టు అక్కడి నుంచి చదువుకుంటూ పోయేది. స్టార్ గుర్తును ఫైళ్ల పేర్లుగా విప్పేది కూడా ‘గ్లోబ్’ అనే మరో ప్రోగ్రామే. యూనిక్స్ నడిచిన యంత్రం మొత్తం మెమరీ 24 కిలోబైట్లు మరి!

‘ఫర్’ లూపును యూనిక్స్‌లో స్థిరపరచినవాడు స్టీవెన్ బోర్న్. ఆయన షెల్ 1979లో ఏడో ఎడిషన్‌తో బయటికి వచ్చింది. కేంబ్రిడ్జిలో ఆల్గాల్ 68 భాష మీద పనిచేసిన ఆయన ఆ వాసనను వెంట తెచ్చుకున్నాడు. ఆ భాష పద్ధతి ప్రకారం ‘డూ’ను తిరగేసి ‘ఓడీ’తో లూపు ముగించాలి. ఆ పేరుతో యూనిక్స్‌లో అప్పటికే ఒక కమాండ్ ఉండటంతో ‘డన్’ వచ్చింది.

మేలుతో పాటు ఒక తలనొప్పీ అంటుకుంది. కోట్ గుర్తులు పెట్టకపోతే ఈ షెల్ ఖాళీ కనిపించిన చోటల్లా పేరును విరగ్గొడుతుంది. ‘యాదాద్రి భువనగిరి’ ఫోల్డరు వచ్చేసరికి ‘యాదాద్రి’ కాపీ చేయాల్సిన ఫైలనీ, ‘భువనగిరి’ దాన్ని చేర్చాల్సిన ఫోల్డరనీ సీపీ అనుకుంటుంది. కొత్తగా స్క్రిప్టులు రాసేవాళ్లు తినే మొదటి దెబ్బ దాదాపుగా ఇదే.

అదే పేరులో మరో గండం పొంచి ఉండేది. యూనికోడ్‌లో ‘య’ సంఖ్య 0సీ2ఎఫ్. రెండు బైట్లుగా విడదీస్తే రెండోది 2ఎఫ్. ఫోల్డర్ల పేర్ల మధ్య యూనిక్స్ వాడే స్లాష్ సంఖ్య కూడా సరిగ్గా అదే! పేర్లను అలా రెండేసి బైట్లుగా దాచి ఉంటే యాదాద్రి మొదటి అక్షరంలోనే యూనిక్స్‌కు స్లాష్ కనబడేది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోంచేస్తూ థాంప్సన్, ఆయన సహోద్యోగి రాబ్ పైక్ కంచం కింది కాగితం మీద యూటీఎఫ్-8 పద్ధతి రూపురేఖలు గీశారు. అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ఆ మూడూ 128, లేదా అంతకు పైబడినవే, స్లాష్ 47. రెండూ ఎన్నటికీ కలవవు. తెలుగు ఊసే లేని కాలంలో పుట్టిన సీపీ, తెలుగు పేరున్న ఫోల్డర్లోకి ఇవాళ ఫైలు చేర్చగలగడం వెనకున్న కథ ఇది.

ఫోల్డర్లు వేర్వేరు యంత్రాల్లో ఉంటే 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ రూపొందించిన ‘ఆర్‌సింక్’ ఉంది. అది ఫైల్లో మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది.

మొదట చెప్పిన లూపును ప్రయత్నించాలనుకునే పాఠకులు మొదటిసారి సీపీకి ముందు ‘ఎకో’ చేర్చి నడపండి. ఏ ఫైలూ కదలదు, జరగబోయే 33 కాపీలూ తెర మీద కనిపిస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నాకే ఎకో తీసేయండి. అదే పేరుతో పాత ఫైలుంటే సీపీ మామూలుగా అడగదు, దాని మీదే రాసేస్తుంది.