మెట్ట నేల పక్షులు రెండు

మాది నందికొట్కూరు పక్క మెట్ట ఊరు. మా పెద్దవాళ్లకు బట్టమేక పిట్ట వింతేమీ కాదు. కొర్ర చేలల్లో, వేరుశెనగ చేలల్లో మిడతలు ఏరుకుంటూ తిరిగేది. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీదే. దానికోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం వెలిసింది.

కడప కలివికోడి కథ వేరు. జానెడుకు కాస్త మించిన పిట్ట, మెడ కింద రెండు పట్టీలు. పగలు ముళ్లపొదల మాటున ఉండి రాత్రి మేతకు బయల్దేరుతుంది. 1848లో పక్షుల పరిశోధకుడు జెర్డాన్ దాన్ని శాస్త్రజ్ఞులకు ఎరుక చేశాడు. 1900 తర్వాత మళ్లీ జాడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వచ్చేలోపే అది చనిపోయింది. ఆ తర్వాత లంకమల అభయారణ్యం వచ్చింది. మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు వెతికారు. ఈ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో మళ్లీ దాని కూత రికార్డయింది.

రెండూ తీవ్ర ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలోనే ఉన్నాయి. బట్టమేక పిట్టలు దేశం మొత్తం మీద నూట యాభై లోపే, అవీ ఎక్కువగా జైసల్మేర్ వైపు. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. రోళ్లపాడులో ఈ పిట్టలకు దెబ్బ ఇంకోలా తగిలింది. కంచె వేసి పశువుల్ని ఆపితే గడ్డి ఏపుగా పెరిగింది, కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. చుట్టూ కాలువ నీళ్లు వచ్చి మెట్టపైర్లు తగ్గాయి. రైతుకు అభయారణ్యమంటే కోపమొచ్చింది, పిట్టకు తావు లేకపోయింది. కలివికోడికీ అంతే: పొదలు నరికేస్తే నీడ పోతుంది, మరీ దట్టమైతే నడిచే ఎడం ఉండదు.

అందుకే రెంటినీ మనుషుల్లేని అడవి పక్షుల్లా చూడటం నాకు నచ్చదు. ఒకదానికి మేసిన బయలు కావాలి, రెండోదానికి పలచటి పొదలు కావాలి. ఆ రెండూ మందలు తిరిగిన నేల మీదే నిలిచాయి. వీటి కోసం ఖర్చుపెట్టే డబ్బులో గొర్రెల కాపరికి, కొర్ర వేసే రైతుకు వాటా ఉండాలి. అది లేకుండా ఎన్ని కంచెలు వేసినా రోళ్లపాడు అనుభవమే మళ్లీ ఎదురవుతుంది.