ఊకకు విలువ, నీటికి కాలువ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి తూర్పు డెల్టా వరిసీమగా మారింది. పంట పెరిగితే మరలు రాక మానవు. రామచంద్రపురం, మండపేట పరిసరాల్లో రైస్ మిల్లులు వెలిశాయి. ఇక్కడి బొండాల ఉప్పుడు బియ్యం కేరళ దాకా వెళ్లింది.

మిల్లులో పారేసేది తక్కువే. నూకలు కోళ్లకు, తవుడు పశువులకు, తర్వాతి కాలంలో నూనె ఫ్యాక్టరీలకు. ధాన్యం బరువులో దాదాపు 20 శాతం ఉండే ఊక బాయిలర్‌లో మండేది, మిగిలింది ఇటుకబట్టీలకు. డబ్బొచ్చే ప్రతిదాన్నీ మిల్లరు జాగ్రత్త చేశాడు.

డబ్బు రానిది, ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం నానబెట్టిన నీరు. పాత పద్ధతిలో ధాన్యాన్ని చన్నీళ్ల తొట్లలో రెండు మూడు రోజులు ఉంచేవారు. నీరు పులిసి కంపు కొట్టేది. అలాంటి నీరు కాలువలో కలిస్తే ఆక్సిజన్ తగ్గి చేపలకు ఊపిరాడదు. డెల్టాలో మంచినీటి చెరువులు నింపేదీ ఆ కాలువలే మరి! మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ రూపొందించిన వేడినీటి పద్ధతిలో సుమారు 70 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు చాలు. వాసన తగ్గింది, మురుగు మాత్రం మిగిలింది.

1974 నాటి నీటి కాలుష్య చట్టంతో ఆ మురుగు శుద్ధి మిల్లరు ఖర్చుల పద్దులోకెక్కింది. సున్నం వేసి పులుపు విరిచి, తేర్చి, గాలి పట్టిస్తే ఆ నీరు మొక్కలకు పనికొస్తుంది. చిన్న మిల్లుకు ఆ ఖర్చు భారమే. ఊక బూడిదకు మాత్రం సిలికా పుణ్యమా అని సిమెంటు, ఇటుకల తయారీలో గిరాకీ ఉంది.