నకలుకు జైలు: కాపీరైట్ చట్టంలో శిక్షల చరిత్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామంది షిఫ్టు ముగించుకొని పుస్తకం తెరిచేవారే. కాబట్టి మీకు బాగా తెలిసిన చోటు నుంచే మొదలుపెడదాం. 1984లో కల్లం అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్‌ను స్థాపించారు. ఆ కంపెనీ తొలినాళ్ల చరిత్రలో బొల్లారం పారిశ్రామికవాడ పేరు ఉంది. అదే 1984లో ఢిల్లీలో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించి, తెలిసి నకలు చేసినవారికి కనీసం ఆరు నెలల జైలు అని రాసింది.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఇతరులు కనిపెట్టిన మందును మరో పద్ధతిలో తయారుచేయడం ఆనాటి చట్టం ప్రకారం తప్పు కాదు. ఇతరులు తీసిన సినిమాను క్యాసెట్టులోకి ఎక్కించి అమ్మడం మాత్రం జైలుకు పంపే నేరం. దేశం ఒకటే, ఏడాదీ ఒకటే. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఇవాళ మీ సెల్‌ఫోనుకు ఎవరో పంపిన సినిమా లింకును చట్టం ఎలా చూస్తుందో అర్థమవుతుంది.

మందుకు ఒక దారి, సినిమాకు ఒక దారి

1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది. మందులు, ఆహార పదార్థాల విషయంలో తయారైన వస్తువుకు పేటెంటు ఇవ్వకుండా, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇవ్వాలని ఆ చట్టం నిర్ణయించింది. ఆ పద్ధతి మీద హక్కు కూడా ఏడేళ్లకు మించి నిలిచేది కాదు. విదేశీ కంపెనీ ఒక పద్ధతిలో చేసిన మందును మన కెమిస్టు మరో దారిలో చేయగలిగితే అది అతని నైపుణ్యం కిందికే వచ్చేది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరగడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. ఆ పరిశ్రమ నక్కవాగును ఏం చేసిందన్నది వేరే పాఠానికి చెందిన కథ.

2005 జనవరి 1 నుంచి మందుకు కూడా పేటెంటు వచ్చింది. అయినా ఒక సంగతి మారలేదు. పేటెంటును ఉల్లంఘించిన కంపెనీ మీద హక్కుదారు సివిల్ దావా వేయాలి. ఇంజంక్షను అడగాలి, నష్టపరిహారమో లాభాల లెక్కో అడగాలి. ఉల్లంఘించినందుకే మనిషిని జైలుకు పంపే సెక్షను ఆ చట్టంలో 1970లో లేదు, ఇప్పుడూ లేదు. కోట్ల విలువ చేసే మందు మీద తగాదా సివిల్ కోర్టులో నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా మీద తగాదా నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లగలదు.

నా ఉద్దేశంలో దీనికి కారణం వస్తువు విలువ కాదు, నకలు చేసే మనిషి. మందు చేయాలంటే రియాక్టరు కావాలి, బాయిలరు కావాలి, లైసెన్సు కావాలి. అంటే చిరునామా ఉంటుంది. నోటీసు అందుకోవడానికి మనిషి, పరిహారం కట్టడానికి ఆస్తి ఉంటాయి. క్యాసెట్లు అమ్మేవాడు సాయంత్రానికి సంచి సర్దుకొని వెళ్లిపోతాడు. అతని మీద డిక్రీ గెలిచినా వసూలయ్యేది ఏమీ ఉండదు. సివిల్ కోర్టుకు చిక్కని మనిషి కోసమే క్రిమినల్ సెక్షను వచ్చింది. కొత్త యంత్రం వచ్చి నకలు చేయడం తేలికైన ప్రతిసారీ శిక్ష పెరగడం ఇకముందు మీరు గమనిస్తారు.

ఇరవై రూపాయల నుంచి

1914 నాటి ఇండియన్ కాపీరైట్ చట్టం, బ్రిటన్ 1911లో చేసుకున్న చట్టానికి ఇక్కడి రూపం. తెలిసి నకలు ప్రతులు అమ్మితే ప్రతి కాపీకీ ఇరవై రూపాయల దాకా జరిమానా, మొత్తం వ్యవహారానికి ఐదు వందలు మించకూడదు. రెండోసారి శిక్ష పడితేనే నెల దాకా సాధారణ జైలు. అప్పట్లో నకలు అంటే ప్రధానంగా అచ్చు పుస్తకం. మన మెదక్ ప్రాంతం నిజాం సంస్థానంలో ఉండేది కనుక బ్రిటిష్ ఇండియా చట్టం ఇక్కడ నేరుగా చెల్లేది కాదు.

స్వతంత్ర భారతంలో 1957 కాపీరైట్ చట్టం 1958 జనవరి 21 నుంచి అమలైంది. నేరం, శిక్ష 63వ సెక్షనులో ఉన్నాయి. మొదట అందులో ఉన్నది ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కనీస శిక్ష అనేది లేదు. పోలీసులు ప్రతులు స్వాధీనం చేసుకోవాలంటే ముందు మేజిస్ట్రేటు కేసును విచారణకు స్వీకరించి ఉండాలి. పాతికేళ్లకు పైగా ఇది ఇలాగే సాగింది.

తర్వాత వీడియో వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశంలో రంగుల టీవీ మొదలైంది. దాని వెంటే వీసీఆర్లు వచ్చాయి. టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చి వాడంతా కూర్చుని చూసిన రోజుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు. ఆ క్యాసెట్లలో ఎన్ని సక్రమమైనవో ఎవరూ అడగలేదు. సినిమా, సంగీత పరిశ్రమలు గగ్గోలు పెట్టాయి. పన్ను పోతోందని ప్రభుత్వానికీ బెంగ పట్టుకుంది.

1984 సవరణ ఆ ఏడాది అక్టోబరు 8 నుంచి అమలైంది. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా, జరిమానా 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా పెరిగింది. రెండోసారి పట్టుబడితే కనీసం ఏడాది జైలు, లక్ష జరిమానా. మేజిస్ట్రేటు దాకా వెళ్లకుండానే, సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి తనకు నమ్మకం కుదిరితే వారంటు లేకుండా ప్రతులు స్వాధీనం చేసుకోవచ్చు. 63వ సెక్షనుకు ఆనాడు పెట్టిన అంకెలు నలభై ఏళ్లు దాటినా అలాగే ఉన్నాయి. ట్రేడ్‌మార్కుల చట్టం 1999లో కొత్తగా వచ్చినప్పుడు నకిలీ మార్కులకు కూడా సరిగ్గా ఇవే అంకెలు వేశారు. నకలును శిక్షించే సెక్షనులో నకలు అంకెలు!

1994 సవరణ రెండు పనులు చేసింది. దొంగ కంప్యూటర్ ప్రోగ్రామును తెలిసి వాడితే కనీసం ఏడు రోజుల జైలు అనే 63బి సెక్షను చేర్చింది. లాభం కోసం వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలే వెసులుబాటు కూడా అందులోనే పెట్టింది. ఇక పాత 63వ సెక్షను మినహాయింపులో ఒక మాట కలిపింది: వ్యాపారంలో లాభం కోసం చేయని ఉల్లంఘన అయితేనే, జడ్జి ప్రత్యేక కారణాలు రాసి కనీస శిక్ష కన్నా తక్కువ వేయవచ్చు. ఈ మాటను బాగా గుర్తుంచుకోండి. లాభం లేకపోతే నేరం కాదని చట్టం చెప్పడం లేదు. నేరం నేరమే, శిక్షలో కొంత తగ్గింపు దొరకవచ్చు, అదీ కేసంతా నడిచి తీర్పు రాసేటప్పుడు.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం, 61వ అధికరణలో, సభ్యదేశాల నుంచి ఇంత అడగలేదు. వ్యాపార స్థాయిలో, కావాలని చేసే పైరసీకి క్రిమినల్ శిక్ష ఉండాలని మాత్రమే అడిగింది. ‘వ్యాపార స్థాయి’ అనే గీత మన 63వ సెక్షనులో లేదు. అమెరికా సంగతి చూడండి. 1994లో ఎంఐటీ విద్యార్థి ఒకరు సాఫ్ట్‌వేరును ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పంచారని కేసు పెడితే, లాభం తీసుకోలేదు కనుక ఆ చట్టం కింద నేరం కాదని కోర్టు కొట్టేసింది. ఆ ఖాళీని పూడ్చడానికి అక్కడి ప్రభుత్వం 1997లో కొత్త చట్టం చేసింది. అయినా 180 రోజుల్లో వెయ్యి డాలర్ల విలువ దాటాలని ఒక హద్దు పెట్టుకుంది. మన దగ్గర ఒక ప్రతికీ, లక్ష ప్రతులకూ సెక్షను ఒకటే.

ఇంటర్నెట్ వచ్చాక

63వ సెక్షనులో ఇంటర్నెట్ అన్న మాట లేదు. తెలిసి ఉల్లంఘించినా, ఉల్లంఘనకు తోడ్పడినా నేరం అని ఉంది, అంతే. సీడీకి ఏది వర్తించిందో టెలిగ్రామ్ గ్రూపుకూ అదే వర్తిస్తుంది. 2012 సవరణ డిజిటల్ తాళాలను పగలగొట్టడాన్ని రెండేళ్ల దాకా జైలుతో కొత్త నేరంగా చేర్చింది.

తెలుగువారికి ఈ విషయం బాగా తెలిసివచ్చింది 2013 సెప్టెంబరులో. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల విడుదల ఆగిన ‘అత్తారింటికి దారేది’ సినిమాలో సుమారు మొదటి సగం ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముడయ్యాయి. నిర్మాత గాభరాపడి సినిమాను సెప్టెంబరు 27కు ముందుకు జరిపారు. నిర్మాణంలో పనిచేసిన వ్యక్తి చేతుల్లోంచే ఆ ప్రతి బయటికి వచ్చిందని పోలీసులు చెప్పారు. ఇలాంటి చోట క్రిమినల్ చట్టం అవసరమే. సినిమా మీద పెట్టిన డబ్బులో పెద్ద భాగం మొదటి వారంలోనే తిరిగిరావాలి. ఆ వారం పోతే నష్టపోయేది నిర్మాత ఒక్కడే కాదు, కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో ఉండే లైట్‌మెన్, తర్వాతి సినిమాలో పని దొరకాల్సిన సహాయకులు కూడా. సివిల్ దావా ఆ వారం లోపల ఏమీ చేయలేదు.

2016లో తెలంగాణ ప్రభుత్వం లండన్ నగర పోలీసుల నమూనాలో మేధో సంపత్తి నేరాలకు ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. 2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై ఒకరిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. మీరు పటాన్‌చెరు నుంచి నగరంలోకి వెళ్లే బస్సు ఆ దారినే పోతుంది. నేరం రుజువైందా లేదా అన్నది కోర్టు తేల్చాలి. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించాల్సింది ఇది: ఎక్కడో విదేశీ సర్వర్లలో ఉందనుకునే వ్యవహారం చివరకు ఒక ఇంటి తలుపు దగ్గరికే వచ్చి ఆగింది.

అరెస్టు ప్రశ్న

ఇక్కడే అసలు చిక్కు. క్రిమినల్ ప్రొసీజర్ షెడ్యూలు ప్రకారం, ప్రత్యేక చట్టాల కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరమైతే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. మూడేళ్ల కన్నా తక్కువైతే రెండూ తారుమారు. మరి ‘మూడేళ్ల దాకా’ అన్న శిక్ష ఏ గదిలోకి వస్తుంది? 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అంటే అప్పుడు మన జిల్లాకు కూడా వర్తించే కోర్టు, 63వ సెక్షను బెయిలుకు వీలున్న నేరమే అంది. వేర్వేరు హైకోర్టులు వేర్వేరుగా చెబుతూ వచ్చాయి. 2022 మే 20న సుప్రీంకోర్టు తేల్చింది: మూడేళ్ల శిక్ష వేయడానికి వీలుంది కనుక ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం, నాన్ బెయిలబుల్ నేరం. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, ఇవ్వడం కోర్టు విచక్షణ అని. అరెస్టు తప్పనిసరి అని కూడా కాదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అవసరం చూపకుండా అరెస్టు చేయరాదని, ముందు నోటీసు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

2022 తీర్పు చట్టం మాటలను సరిగ్గానే చదివిందని నేను ఒప్పుకుంటాను. అయితే ఆ మాటలు 1984లో క్యాసెట్ల వ్యాపారి కోసం రాసినవి. లాభం తీసుకున్నాడా లేదా అన్న ప్రశ్న తీర్పు రోజున వస్తుంది. అరెస్టు మొదటి రోజునే రావచ్చు. ఇస్నాపూర్‌లో గది అద్దెకు తీసుకున్న ఒక కార్మికుడు రాత్రి షిఫ్టులో ఉన్న స్నేహితులకు లింకు పంపాడనుకోండి. అతను పైసా తీసుకోలేదని జడ్జి వినే నాటికి ఉద్యోగం ఉంటుందో ఉండదో.

మీలో కొందరికి ఇంకో భయం ఉండవచ్చు: చూస్తే కూడా నేరమేనా? 2016లో వెబ్‌సైట్లు మూసినప్పుడు తెరమీద అలాంటి హెచ్చరికే కనిపించేది. ఆ ఏడాదే బొంబాయి హైకోర్టు దాన్ని తప్పుపట్టింది. నేరం చూడటంలో లేదు, అనుమతి లేకుండా పంచడంలో, బహిరంగంగా ప్రదర్శించడంలో, అమ్మడంలో, అద్దెకివ్వడంలో ఉంది అంది. పంచడం, చూడటం రెండూ ఒకే వేలి నొక్కుతో జరిగే కాలంలో ఈ తేడా పల్చగానే ఉంటుంది, కాని చట్టంలో ఉంది.

చివరి మార్పు 2023 నాటిది. సినిమాటోగ్రాఫ్ చట్టం సవరణ ద్వారా హాల్లో సినిమాను రికార్డు చేయడానికీ, దొంగ ప్రతిని ప్రజలకు ప్రదర్శించడానికీ మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. జరిమానా కనీసం 3 లక్షలు, గరిష్ఠంగా ఆడిటైన మొత్తం నిర్మాణ వ్యయంలో ఐదు శాతం. వంద కోట్ల సినిమా అయితే ఐదు కోట్లు. 1914లో ఐదు వందల రూపాయల దగ్గర ఆగిన అంకె ఇది. కాని ఈ కొత్త చట్టం ప్రదర్శన నేరాన్ని నిర్వచించేటప్పుడు ‘లాభం కోసం’ అనే మాటను నేరంలోనే చేర్చింది. 1957 చట్టం 63వ సెక్షనులో ఆ మాట ఇప్పటికీ మినహాయింపులోనే ఉంది. ఇస్నాపూర్ కార్మికుడి మీద కేసు పెడితే పెట్టేది ఆ పాత సెక్షను కిందే, విచారణ జరిగేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో.