అమ్మకు పాఠం చెప్పే అమ్మాయి

"పిల్లల్ని పెంచడం కూడా ఒకళ్లు నేర్పాలిటే! మేం పెంచలేదూ?" అని బుగ్గలు నొక్కుకుంది మా నాయనమ్మ.

ఇది 2004 నాటి ముచ్చట. తొలి కానుపుకి నేను రాజోలు దగ్గర మా పుట్టింటికి వచ్చి ఉన్నాను. వీధరుగు మీద నాయనమ్మ, ఆవిడ ఎదురుగా బొమ్మల అట్టలు పట్టుకుని మా ఊరి అంగన్‌వాడీ టీచరు. టీచరుకి పట్టుమని పాతికేళ్లు లేవు. ఒక్క బిడ్డ తల్లి. నాయనమ్మేమో తొమ్మిదిమందిని కని పెంచిన మనిషి. ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి, మీరే చెప్పండి!

"పుట్టిన గంటలోపల బిడ్డకి ముర్రుపాలు పట్టాలండి" అంది టీచరు, బొమ్మ చూపిస్తూ.

"అవి పిండి పారబోయాలి. మూడో రోజుదాకా తేనె చుక్క, ఆముదం చుక్క చాలు" అని నాయనమ్మ తీర్పు చెప్పేసింది.

ఇక యుద్ధమే అనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం వాదించలేదు. అట్టలు మడిచి పక్కన పెట్టి, పెరట్లో గేదె వైపు చూసింది.

"మామ్మగారూ, గేదె ఈనితే దూడకి ముందు ఏం తాగిస్తారండి?"

"ఏం తాగిస్తారేమిటి, జున్నుపాలే! అవి కడుపులో పడకపోతే దూడ నిలుస్తుందా?" అంటూనే నాయనమ్మ ఠక్కున ఆగిపోయింది.

"ఆయ్, నేను చెప్పేదీ అదేనండి."

మా అమ్మాయి పుట్టిన నాడు "ముర్రుపాలు పట్టారా లేదా?" అని అందరికంటే ముందు అడిగింది నాయనమ్మే! అంతకు ముందు మా ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకీ ఆ పాలు దక్కలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఒక్కసారి కలుక్కుమంటుంది.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపం ఊరికే పోతుందా? అమ్మలకి పాఠం చెప్పే వాళ్లు మన దేశంలో ఎప్పటినుంచి ఉన్నారు, వాళ్ల చేతికి ఆ పాఠం ఎవరిచ్చారు అని వెతకడం మొదలెట్టాను.

మంత్రసానులు, అమ్మమ్మలు ఎలాగూ ఉన్నారు. కాగితం మీద పాఠం మాత్రం మన గోదావరి గట్టునే మొదలైందనాలి. 1883లో కందుకూరి వీరేశలింగంగారు ఆడవాళ్ల కోసమే "సతీహితబోధిని" పత్రిక పెట్టారు. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూ సుందరి" ప్రారంభించి, సంపాదకత్వం ఆడవాళ్లకే అప్పగించారు. 1928లో మద్రాసు నుంచి కె.ఎన్. కేసరిగారి "గృహలక్ష్మి" వచ్చింది. ఆయన స్వయంగా వైద్యులు. ఇంట్లో చదువొచ్చిన కోడలు ఒకత్తె ఉంటే, పత్రికలో ఉన్నది పైకి చదివి పదిమందికీ వినిపించేది. ఆలోచిస్తే, ఆ కోడలే మన తొలి టీచరు!

మరి చదువు రాని ఇళ్ల మాటేమిటి? అక్కడికి పత్రిక వెళ్లలేదు, మనిషే వెళ్లాలి. ఆ సంగతి బాగా ఎరిగిన ఇల్లాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలోనే కాకినాడలో ఆడవాళ్లకి హిందీ నేర్పిన ఘనురాలు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు పథకాలతోనే పల్లెలకి గ్రామసేవికలు, బాలవాడీలు వచ్చాయి.

ఆ తర్వాత 1975 అక్టోబరు 2న, దేశం మొత్తంమీద 33 బ్లాకుల్లో, సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అంగన్‌వాడీ అంటే గుడ్లు, పప్పు పంచే చోటు అని మనలో చాలామంది అనుకుంటాం. కానీ దాని ఆరు సేవల్లో ఒకటి 15 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లకి ఆరోగ్యం, పోషణ గురించి చెప్పడం. మా అరుగు దగ్గరికి వచ్చిన బొమ్మల అట్టల వెనక ఇంత కథ ఉందన్నమాట!

ఇప్పుడు అట్టల కాలం పోయి ఫోను కాలం వచ్చింది. 2024లో కేంద్ర ప్రభుత్వం "నవచేతన" అని ఒక పుస్తకం తెచ్చింది. పుట్టిన నాటినుంచి మూడేళ్లు నిండేదాకా, నెలనెలా బిడ్డతో ఏ మాటలాడాలి, ఏ ఆట ఆడించాలి అన్నది అందులో ఉంది. సంతోషమే. అయితే పాఠం మారినంత వేగంగా చెప్పే మనిషి బతుకు మారిందా? 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు జీతాల కోసం సమ్మె చేశారు. వాళ్లకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం మాటలోనే ఉండిపోయిందేమో అనిపించింది నాకు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ టీచరు కనబడింది. నాలాగే జుట్టు నెరుస్తోంది. నాయనమ్మ లేదు, గేదే లేదు. మా రాజోలు కూడా 2022 నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చేసింది.

"అమ్మాయి బాగుందాండి?" అని ముందు అదే అడిగింది. తర్వాత ఫోను తీసి కొత్త పాఠాలు చూపించింది.

"అన్నీ ఇందులోకే వస్తన్నాయి కదా, ఇక నీకు పని తేలికేనా?" అన్నాను.

నవ్వేసింది. "పాఠమైతే వస్తాదండి. ఎవరింట్లో గేదె ఉందో ఫోను చెప్పదు కదండి!"