కోతలయ్యాక ఇస్తాను, రాసుకో

విజయనగరం గంటస్తంభం 1885 నాటిదని ఊళ్లో చదువుకున్నవాళ్లెవరైనా చెబుతారు. దాని చుట్టూ ఉన్న బట్టల కొట్లు ఎలా నడిచాయో చెప్పేవాళ్లు తక్కువ. ఆ వీధుల్లో గుమాస్తాగా బతికినవాణ్ని. నాకు తెలిసింది ఒక్కటే: ఆ కొట్లు నడిచింది అరువు మీద.

నేను చేరేనాటికి 1956 తూనికలు, కొలతల చట్టం పుణ్యమా అని గజం పోయి మీటరు వచ్చేసింది. పల్లెవాళ్లు మాత్రం గజాల్లోనే అడిగేవారు. చేతిలో మీటరు బద్ద, నోట్లో గజం లెక్క. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటే, మేం తానులు దొర్లించేవాళ్లం. ఇరవై చీరలు విప్పించాక కొనే ఆవిడ మొదటి చీర మీదే చెయ్యి వేసి, "ఏటి బాబూ దీని దర? కోతలయ్యాక ఇచ్చెత్తాను, రాసుకో" అనేది. గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని అడిగేవాడు: "ఏ ఊరమ్మా? ఎవరి కోడలివి?" ఆ రెండు ప్రశ్నలే మా పూచీకత్తు.

ఖాతా పుస్తకానికి ఎర్ర గుడ్డ అట్ట. ఊరి పేరు పైన, ఇంటిపేరు కింద. గోగునార అమ్మితే కొంత, సంక్రాంతికి ధాన్యం అమ్మితే కొంత జమ పడేది. వాన మొహం చాటేసిన ఏడు పద్దు అలాగే పై ఏటికి ఎక్కేది. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్లు. ఆ వారమంతా మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఈ అరువంతా ధర్మకార్యమని ఎవరైనా అంటే నమ్మకండి. వడ్డీ అని విడిగా చెప్పేవాళ్లం కాదు గానీ, చెప్పిన ధరలో అది ముందే కూర్చుని ఉండేది.

మాల్‌లు వచ్చి ఈ అరువు పద్ధతిని చెడగొట్టాయంటారు. నేనొప్పుకోను. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయింది. కలెక్టరాఫీసు, దాని వెనక నాలుగు ఆఫీసులు, నెల జీతాలవాళ్లు వచ్చారు. పంటకు ముడిపడిన అరువు ఒకటో తారీఖుకు మారింది. 1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం జనతా చీరలు, పంచెలు తెచ్చింది. మా కొట్లలో చౌక రకాలే అరువులో ఎక్కువ పోయేవి మరి, ఆ బేరం అటు మళ్లింది. తరువాత రెడీమేడ్లు, 'ఒకే ధర' బోర్డులు. అద్దాల మేడలు వచ్చేసరికి పరుపు ఎప్పుడో చుట్టేశాం.

'ఒకే ధర' కూడా కొత్తదేం కాదు. 1673లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మిత్సుయి తకతోషి ఎచిగోయా అనే బట్టల కొట్టు పెట్టాడు. అప్పటిదాకా అక్కడా సరుకు పెద్దింటికి మోసుకెళ్లి, బేరమాడి, పండగలకు వసూలు చేసుకునేవారట. ఆయన ఒకటే మాటన్నాడు: రొక్కం ఇవ్వండి, అందరికీ ఒకే ధర. ఆ కొట్టే మిత్సుకోషి అనే పెద్ద డిపార్ట్‌మెంటల్ స్టోరయింది. ఆ మాట గంటస్తంభం దగ్గరికి రావడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

ఇప్పుడు విశాఖ మద్దిలపాలెంలో సీఎంఆర్ సెంట్రల్‌కు మావాళ్లే బస్సెక్కి వెళ్తున్నారు. ఏసీ, ఎస్కలేటరు, పిల్లలకు ఆటలు. ఎవరి కోడలివని అక్కడ అడగరు, చాలామందికి అదే హాయి. కులం, ఊరు చెప్పుకోకుండా చీర కొనుక్కోవడం చిన్న సంగతేం కాదు. అరువు కూడా పోలేదు, క్రెడిట్ కార్డులోకి చేరింది. కాకపోతే వాన పడలేదంటే బ్యాంకు వినదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక చిన్న కొట్లలోనూ కంప్యూటరు బిల్లే. ఎర్ర అట్ట పుస్తకం అటకెక్కింది.

అటక మీదున్నవాటిని చిత్తుకాగితాలకు వెయ్యకండి. ఏ ఊళ్లో ఏ ఏడు పంట పోయిందో, ఎవరింట పెళ్లయిందో అన్నీ వాటిలో ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. బాకీదారుల పేర్లు బయటపడతాయని మొహమాటమైతే, ఆ పేర్ల మీద ఒక కాగితం అంటించి ఇవ్వండి.