రిజర్వుడు సీటు, చేతులు మారిన ఓటు

తల్లాడ ఓటరు గోస తెలియాలంటే ముందు 1984 గుర్తు చేసుకోవాలి. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి.రామారావును దించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించాడు. జనం రోడ్డెక్కారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగొచ్చాడు. 1985లో దేశంలో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. అందులోనే ఒక దొడ్డిదారి: శాసనసభాపక్షంలో మూడింట రెండొంతుల మంది కలిసిపోతే అది ఫిరాయింపు కాదట, విలీనమట!

తల్లాడ మండలం ఉన్న సత్తుపల్లి 2009 నుంచి ఎస్సీ సీటు. పక్కన అశ్వారావుపేట ఎస్టీ సీటు. 2018లో తెలంగాణలో తెలుగుదేశం గెలిచినవి ఈ రెండే. 2021 ఏప్రిల్‌లో ఆ ఇద్దరూ టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. ఇద్దరే కదా పక్షమంతా! మాల మాదిగ వాడలనీ కోయగూడేలనీ అడిగిందెవరు?

తప్పు ఆ ఇద్దరిదే అంటే సరిపోదు. 2019లో 12 మంది కాంగ్రెస్ సభ్యులూ ఈ దారినే పోయారు, వాళ్లలో జనరల్ సీట్ల వాళ్లూ ఉన్నారు. కానీ మన సీటుకు ఇంకో మెలిక ఉంది. 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లు మిగిలాయి. మనిషి మన కులం, టికెట్టు పార్టీది. ఆ టికెట్టిచ్చే చెయ్యి ఎవరిది?

2023లో రెండుచోట్లా ఓటర్లు వాళ్లను ఓడించారు. అయినా ఐదేళ్లు ఆగాల్సొచ్చింది. సీటు రిజర్వయితే చాలదు. గెలిచినవాణ్ణి మధ్యలో నిలదీసే హక్కు, టికెట్టు నిర్ణయించే అధికారం వాడల చేతికి రావాలి.